పాలు తాగని పిల్ల

నిన్న ఆటల సంఘం మనుషులు ఇద్దరు మా ఇంటికి వచ్చి, ఆ పిల్ల గురించి రెండు మంచి మాటలు రాసిమ్మన్నారు. సంతాపసభ పెడుతున్నారట. బ్యానరు అప్పుడే రాయించేశారు. దాని మీద 'క్రమశిక్షణకు మారుపేరు' అని ఉందట. మిగతాది నేను చెప్పాలట. ఆ పడవల క్యాంపులో ఆడపిల్లలకి తోడున్న టీచర్ని నేనే కాబట్టి నా దగ్గరకి వచ్చారు.

క్రమశిక్షణట! ఆ మాట తన చెవిన పడితే ఆ పిల్ల బ్యానరు చింపి చంటిదానికి పొత్తిగుడ్డలు చేసుకునేది. వచ్చినవాళ్ళకి నేను కుర్చీ వెయ్యలేదు, టీ ఇవ్వలేదు. రాస్తాను గానీ మీకు పనికొచ్చేట్టు రాయనని చెప్పి పంపేశాను. పేరు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే దాన్ని ఇంకో బ్యానరు మీదకి ఎక్కిస్తారు.

కాన్పులో పోయింది. ఒంట్లో రక్తం లేదన్నారట. డ్యాం నీళ్ళలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకి మనుషుల్నీ మేకల్నీ పనసకాయల్నీ ఎక్కించుకుని దోనె నడిపిన ఒంట్లో రక్తం లేదట! ఎందుకు లేకుండా పోయిందని ఆ వచ్చినవాళ్ళలో ఒక్కరూ అనుకోలేదు. ఫోటోకి దండ ఎంత పొడుగుండాలో మాత్రం నన్ను అడిగారు.

ఆ క్యాంపు సంగతి ఎనభైల మొదట్లోది. నేను ముంచంగిపుట్టు అవతల ఒక ఆశ్రమ పాఠశాలలో ఆటల టీచర్ని. మాది శ్రీకాకుళం వైపు పల్లపు ఊరు. కొండల మీదకి వచ్చి అప్పటికి ఎంతోకాలం కాలేదు. బడి మానేసిన పిల్లల్ని వెతకడానికి నీళ్ళ అవతలి ఊళ్ళకి వెళ్ళాల్సి వచ్చి రేవుకి వెళ్ళాను. రేవంటే ఏమీ లేదు, గట్టున ఒక బండరాయి, దానికి కట్టిన దోనె. లావుపాటి మానుని తొలిచి చేసిన దోనె. సంత నుంచి తిరిగి వెళ్ళే జనం బుట్టలతో నిలబడి ఉన్నారు. ఆ పిల్ల దోనె అంచు మీద కూర్చుని ఆనప బుర్రలోంచి చోడి అంబలి, అదే రాగి అంబలి, తాగుతోంది.

"బేగి రావమ్మా, పొద్దుపోతోంది" అన్నాను, టీచరు గొంతు పెట్టి.

తల ఎత్తలేదు. గుక్కకీ గుక్కకీ మధ్య ఎండుమిరపకాయ కొరుకుతూ అంబలి అయ్యేదాకా తాగింది. బుర్రలో నీళ్ళు పోసి గిలకొట్టి ఆ కడుగునీళ్ళు కూడా తాగింది. మూతి తుడుచుకుని అప్పుడు చూసింది నా వంక.

"ముందు కూడు. మరి మాట. ఇప్పుడు సెప్పు, ఏటి?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం విసుక్కోలేదు. తింటున్నప్పుడు ఆ పిల్లని ఎవరూ పలకరించరట. పలకరించినవాణ్ణి గట్టున వదిలేసి ఆఖరికి ఎక్కించుకుంటుందట. నన్నూ అలాగే ఆఖరికి ఎక్కించుకుంది.

పొట్టి మనిషి. ముక్కుకి మూడు పుడకలు, చేతుల మీద పచ్చబొట్టు గీతలు. అందరినీ 'నువ్వు' అనేది. ఆ కొండల్లో అందరూ అంతే, తహసీల్దారయినా నువ్వే. ఊరికే కూర్చుని ఉంటే ఈ పిల్లలో ఏముందిలే అనిపించేది. తెడ్డు పట్టిందంటే నడుము దగ్గర్నుంచి పైకి మనిషంతా ఒక్కసారి తిరిగేది. దోనె కదులుతున్నట్టు నాకు తెలిసేది కాదు, అవతలి గట్టే దగ్గరకి వస్తున్నట్టుండేది.

నీళ్ళ నడిమికి వచ్చాక తెడ్డు ఆపి కిందకి చూపించింది.

"ఈ కింద మా తాతది సోడి మెట్ట. అల్లక్కడ మా ఊరు."

ఆ తర్వాత డ్యాం కట్టినవాణ్ణీ కట్టించినవాణ్ణీ కలిపి ఒక బూతు తిట్టింది. దండం పెట్టుకున్నంత శ్రద్ధగా తిట్టింది. ఎన్నిసార్లు ఆ దోనె ఎక్కినా అక్కడికి రాగానే తెడ్డు ఆగేది, ఆ బూతు వినపడేది, ఆ తర్వాతే దోనె కదిలేది.

ఆ నీళ్ళ మీదే పడవ పందేల క్యాంపు పెట్టారు. ఉత్తరాదిన ఎక్కడో జరిగే పోటీలకి ఆడపిల్లల జట్టు వెళ్ళాలి. పల్లం నుంచి కోచ్ వచ్చాడు. ఒకప్పుడు ఓడల మీద ఉద్యోగం చేశాడట. ఫైబర్ పడవలు వచ్చాయి, ఇద్దరు ఆడపిల్లలు భుజాన వేసుకుని మోసేసేంత తేలికవి. తెడ్లకి రెండు కొసలా రెండు రెక్కలు. ఆ పిల్ల దోనె నడపడం కోచ్ ఒక్కసారి చూశాడు. చూసి, గట్టు వెంబడి దోనెతోపాటు పరిగెత్తాడు, బూట్లు బురదలో దిగబడుతున్నా ఆగలేదు. ఆ ఒక్క పరుగు వల్లే అతన్ని నేను ఇవాళ్టికీ పూర్తిగా అసహ్యించుకోలేకపోతున్నాను.

"మా క్యాంపులో చేరతావా?" అన్నాడు ఒగరుస్తూ.

"ఏటి పెడతారు?" అంది.

ఆట ఏమిటని అడగలేదు, పతకం సంగతి అడగలేదు. గుడ్లు పెడతామన్నాడు, పాలిస్తామన్నాడు, వారానికోసారి మాంసం అన్నాడు. నలుగురు కూర్చునే పడవ ఒకటుంది, అందులో సీటు దొరికినవాళ్ళని పట్నం క్యాంపుకి తీసుకెళ్తారు, ఏడాది పొడుగునా అక్కడే ఉండాలి, మాంసం రోజూ పెడతారు అన్నాడు. ఆ పిల్ల ఆ రోజే వచ్చేసింది.

దారిలో నాతో అంది: "ఏడాది నానక్కడ తింటే, ఇంటికాడ నా వాటా సెల్లి తింటాది టీసరమ్మా. ఆ గుంట ఎప్పుడు సూసినా గిన్నె నాకుతాది."

సీటంటే ఆ పిల్లకి అదీ. చెల్లెలి గిన్నెలో రెండో గరిటె. ఆ సీటు కోసం ఏం చెయ్యమన్నా చేసేదే, ఒక్క పాలు తాగడం తప్ప.

మంచి పిల్ల అని నేను చెప్పబోవడం లేదు. దొంగ. మా అమ్మ పంపిన ఎండు నెత్తళ్ళ చేపలు నా ట్రంకుపెట్టెలోంచి తీసి తినేసి, ఆ వాసన చేతులతోనే మర్నాడు పొద్దున్న నాకు నమస్కారం పెట్టింది. తన గుడ్డు తిన్నదని ఒక పిల్ల చెంప పగలగొట్టింది. కోతలు కోసేది. కోచ్ ఈల వేస్తే వచ్చేది కాదు. "నాను కుక్కనేటి? పేరెట్టి పిలు" అనేది. అదండీ క్రమశిక్షణ. బ్యానరు మీద వేసుకోండి.

పని మాత్రం పనే. మంచు విడవకముందే కొండ ఎక్కి దిగే పరుగు, ఆ తర్వాత పడవలు, ఎండ తగ్గాక మళ్ళీ పడవలు. చేతులు బొబ్బలెక్కి చితికి గట్టిపడ్డాయి. అంత పని చేసే ఒంటికి ఎంత తిండి కావాలి? రోజూ కొండపోడు చేసేవాళ్ళ పిల్లలు వాళ్ళు. అన్నం పెట్టినంతా తింటారు, ఇంకా అడుగుతారు. కోచ్ లెక్క వేరు. ఎక్కడో చలిదేశాల పడవ పందేలవాళ్ళు ఏం తింటారో చదివి వచ్చాడు. పొద్దున్నే పాలు, రొట్టె. అన్నం కొంచెం. అంబలి అసలు వద్దు. అది బీదవాళ్ళ తిండి, కడుపు నింపుతుందే గానీ కండ పట్టదు అన్నాడు.

అతను దొంగ అయితే నాకింత కోపం ఉండేది కాదు. పాలపొడి డబ్బాల గదికి తాళం వేసి తాళంచెవి మెళ్ళో వేసుకునేవాడు. ఒక్క చెంచా పక్కకి పోనిచ్చేవాడు కాదు. డేగిసాలో వేడినీళ్ళు పోసి పొడి తనే స్వయంగా కలిపేవాడు. ఒక్కొక్క పిల్లకీ గ్లాసు చేతికిచ్చి, తాగేదాకా ఎదురుగా నిలబడి, నోరు తెరిపించి చూసి పంపేవాడు. తను మాత్రం ఊళ్ళో కోమట్ల ఇంటి నుంచి ఆవుపాలు తెప్పించుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న సొంత గ్లాసులో పోసుకుని, పిల్లల ముందే గటగటా తాగి, "చూడండి, నేను తాగట్లేదా?" అనేవాడు.

ఆ పిల్లల ఊళ్ళలో ఆవుని పితకరు. ఆవులున్నాయి, దుక్కికి దూడలు కావాలి కాబట్టి పెంచుతారు. పాలు దూడవి. దాని నోటిదగ్గరది మనిషి తాగితే దూడ ఏం తాగుతుంది అంటారు. నాకు మొదట్లో ఇది వింతగా ఉండేది. పుట్టి బుద్ధెరిగాక పాలు ముట్టని కడుపులవి. అందులో పొద్దున్నే రెండేసి గ్లాసులు పడేసరికి ఏమవుతుంది? పిల్లలు పరుగులో సగం దారిలో పొదల్లోకి పరిగెత్తేవాళ్ళు. కడుపులో గడబిడ, వాంతులు, విరేచనాలు. ముఖాలు పీక్కుపోయాయి. నేను వెళ్ళి కోచ్‌తో చెప్పాను.

"అలవాటు లేక టీచర్ గారూ. కడుపు శుభ్రపడుతోంది. నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది."

నాలుగు రోజులు కాదు, నెల గడిచినా సర్దుకోలేదు. చింతపండు తూచే పెద్ద కాటా తెప్పించి దూలానికి వేలాడదీసి పిల్లల్ని అందులో కూర్చోబెట్టి తూచేవాడు. మా పిల్ల అందులో కాళ్ళు ఊపుతూ, "నన్ను సింతపండు సేసీసినారు, ఇంక పులుసెట్టుకోండి" అని నవ్వించేది. తూచినకొద్దీ అందరి బరువూ తగ్గుతోంది. కోచ్ ముఖం చూస్తే సంతోషంగానే ఉంది. పడవ తేలిగ్గా పోతుందట.

"అన్నమైనా ఇంకో గరిటె పెట్టించండి సారూ" అన్నాను.

"తిండికి తిమ్మరాజులు, పనికి పోతరాజులు అవుతారండీ."

"పొద్దుటి నుంచీ వాళ్ళు పని చెయ్యకపోతే మీ పడవలు ఎవరు నడుపుతున్నారు, దెయ్యాలా?" అన్నాను. నాకు నోరు ఆగదు. అతను నవ్వేసి వెళ్ళిపోయాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఒక్క మా పిల్ల మాత్రం చిక్కలేదు. ఎందుకో నాకు తర్వాత తెలిసింది. పాలు కోచ్ ఎదుటే మింగి, నోరు తెరిచి చూపించి, అతను తల తిప్పగానే వంటపాక వెనక్కి పోయి గొంతులో వేలు పెట్టుకుని కక్కేసేది. రెండో గ్లాసు వీలుచూసి కుక్కకి పోసేసేది. క్యాంపు మొత్తం మీద ఒళ్ళు చేసింది ఆ కుక్క ఒక్కటే. తెల్లారేసరికి వాళ్ళమ్మ దోనె మీద వచ్చి గట్టున అడ్డాకుల పొద కింద అంబలి బుర్ర పెట్టి పోయేది. పడవ ఎక్కేముందు ఈ పిల్ల అక్కడికి పోయి తాగి వచ్చేది. నేను ఒకసారి పట్టుకున్నాను.

"ఆ పాలు తాగితే తెడ్డు పట్టలేను టీసరమ్మా. తాగకపోతే సీటియ్యరు. మరేటి సేయమంటావు?"

"చెయ్యవలసిందే చేస్తున్నావు" అన్నాను. పొద కింద ఆ బుర్రకి పట్టిన చీమల్ని దులిపి పెట్టే పని ఆ రోజు నుంచి నేనూ చేశాను.

ఆ నలుగురి పడవలో సీట్లు ఎవరివో తేల్చే పందెం రోజు వచ్చింది. గట్టున కుర్చీలు వేశారు, అధికారులు వచ్చారు. పందేనికి తాళ్ళు కట్టి తేలే డబ్బాలు వేసిన దారి సరిగ్గా వాళ్ళ తాత చోడి మెట్ట మీదుగా పోతుంది. ఆ పిల్లకి అది తెలుసు. పొద్దున్నే నాతో, "ఇయాల మా మెట్ట మీద నానే ముందుంటాను, సూడు" అంది. ఉండేదే. మిగతా పిల్లలు ముందు రోజు నుంచీ పొదల చుట్టూ తిరుగుతున్నారు.

పొద చాటు నుంచి మూతి తుడుచుకుంటూ వచ్చి, రెండు రెక్కల తెడ్డు పట్టుకుని వరసలో నిలబడింది. కోచ్ ఒక్కొక్కళ్ళ భుజం తడుతూ వస్తున్నాడు. ఆ పిల్ల దగ్గరకి వచ్చి ఆగిపోయాడు. ముక్కు ఎగబీల్చాడు.

"తాగొచ్చావు."

"అంబలి" అంది.

"ఈ పులుపు వాసన నాకు తెలీదనుకుంటున్నావా? లంద తాగి పడవెక్కుతావా?"

లంద అంటే చోళ్ళు పులియబెట్టి చేసే మత్తు. అంబలి కూడా రాత్రి పిండి పులియబెట్టి పొద్దున్న కాచేదే. రెంటికీ పులుపు ఉంటుంది. ఆ రెండు పులుపులకీ తేడా తెలియనివాడు ఆ కొండల మీద ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడి చేతిలోనే సీటు ఉంది. ఆ పిల్ల లంద తాగదని నేను అనను. పండగొస్తే తాగేది, నాకూ పోసింది. చెల్లెలి తిండి మీద పందెం ఉన్న రోజున తాగేంత వెర్రిది మాత్రం కాదు.

పరిగెత్తుకు వెళ్ళి బుర్ర తెచ్చింది. అడుగున ఇంకా కొంచెం ఉంది. రెండు చేతులా పట్టి కోచ్ ముందుకి చాపింది.

"తాగి సూడు. నీకెక్కితే నాకెక్కినట్టే."

కోచ్ ఆ బుర్ర వంక చూశాడు. బుర్ర మూతి తడిగా ఉంది, అంబలి చార కారి ఉంది. అతని చేతులు వెనక్కి పోయాయి. వెనకే ఒకదాన్నొకటి పట్టుకుని ఉండిపోయాయి. ఆ పిల్ల బుర్ర ఇంకొంచెం ముందుకి చాపింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

నేను ముందుకు పోయి బుర్ర లాక్కుని తాగాను. కుర్చీల్లో ఉన్నవాళ్ళందరికీ వినపడేట్టు, "అంబలే. ఉప్పు కూడా సరిపోలేదు. కావాలంటే మీరూ రండి, చూడండి" అని అరిచాను.

"మీరు పక్కకి ఉండండి టీచర్ గారూ. వీళ్ళంటే మీకు జాలి" అన్నాడు కోచ్, నెమ్మదిగా, మర్యాదగా.

కుర్చీల్లోంచి ఎవరూ లేవలేదు. ఒకాయన వాచీ చూసుకున్నాడు. కోచ్ ఇంకో పిల్లని పిలిచాడు. పాలు తాగి తాగి కళ్ళు గుంటలు పడ్డ పిల్ల, పొద్దుటి నుంచి నడుం పట్టుకుని తిరుగుతున్న పిల్ల, వచ్చి మా పిల్ల సీట్లో కూర్చుంది. ఆ పిల్లనీ ఏమీ అనలేం. కూర్చోమంటే కూర్చుంది.

మా పిల్ల బూతులు తిడుతుందని చూశాను. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. బుర్ర నా చేతిలోంచి తీసుకుంది. తెడ్డు పట్టుకున్నది పట్టుకున్నట్టే నడిచి పోయి, రేవు బండకి కట్టి ఉన్న తన దోనె ఎక్కింది. ఆ తాళ్ళకీ డబ్బాలకీ అడ్డంగా దోనె నడుపుకుంటూ పోయింది. తాత మెట్ట మీద ఆ రోజు తెడ్డు ఆగలేదు. కోచ్ ఈల వేస్తూ గట్టు వెంట పరిగెత్తాడు.

"తెడ్డు! క్యాంపు తెడ్డు పట్టుకుపోతోంది, ఆపండి!"

పందెం ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు. ఉత్తరాదికి వెళ్ళిన జట్టు ఏం చేసిందో నేను కనుక్కోలేదు. మర్నాడు కోచ్ నా గదికి వచ్చి, తెడ్డు పోతే తను జవాబు చెప్పుకోవాలనీ, ఆ పిల్ల నా మాట వింటుందనీ, వెళ్ళి తెచ్చిపెట్టమనీ బతిమాలాడు. తెడ్డు కోసం కాదు గానీ వెళ్ళాను.

గడ్డి కప్పిన చిన్న ఇల్లు. తెడ్డు గోడకి ఆనించి ఉంది. చెల్లెలు గుమ్మంలో కూర్చుని ఉంది, తొడల కంటే మోకాళ్ళు లావుగా. గిన్నె ఒళ్ళో పెట్టుకుని వేలితో తుడుచుకుంటోంది. మా పిల్ల నన్ను చూసి ఆకుదొన్నెలో అంబలి పోసి చేతికిచ్చింది. వద్దంటే అవమానం. తాగుతున్నంతసేపూ ఎవరం మాట్లాడుకోలేదు. దొన్నె కింద పెట్టాక అడిగింది.

"టీసరమ్మా, మీ ఊళ్ళో ఆవుని ఎలాగ పితుకుతారు?"

ఎందుకడుగుతోందో అర్థం కాలేదు. చెప్పాను. ముందు దూడని వదులుతారు, అది కుడుస్తుంది, పొదుగు చేపుకి వస్తుంది, అప్పుడు దూడని లాగి గుంజకి కట్టేసి పితుకుతారు.

"అయితే ముందు దూడ మూతెడతాది."

"పెడుతుంది."

"అది మూతెట్టినాక మిగిల్న పాలే గదా ఆ సారు రోజూ తాగుతాడు?"

"అవును."

చెల్లెలి గిన్నెలోకి తన బుర్రలో ఉన్నదంతా వంచేసింది. ఖాళీ బుర్ర చేత్తో పట్టుకుని, దాని మూతి వంక కొంచెంసేపు చూసింది.

"మరి దీనికేటయ్యింది?" అని అడిగింది.